మట్టి వెచ్చబడేదాకా చల్లను

ఇరవై ఆరేళ్లు నేను డెట్రాయిట్ శివార్లలోని ఒక చిన్న ఊరికి పూలు పూయించాను. ఆ ఊరి పార్కుల విభాగంలో పూలమడుల బాధ్యత నాది. ఊరి పేరు రాయను. అక్కడ పనిచేసిన ఒకరి గురించి అంత మంచిగా రాయబోవడం లేదు కాబట్టి పేరు లేకపోవడమే మర్యాద. మా ఇల్లు ఫార్మింగ్టన్ హిల్స్‌లో. మా ఆయన కార్ల విడిభాగాల కంపెనీలో ఇంజనీరు. నేను ఇండియాలో అగ్రికల్చర్ బీఎస్సీ చదివి వచ్చాను.

ఈ మధ్య మన పిల్లలు కొందరు మొక్కల చదువులో ఎమ్మెస్ చేసి ఈ పనిలోకి వస్తున్నారు. నాకు ఫోన్ చేసి అందరూ మొదట అడిగేది ఒకటే: "ఆంటీ, స్ప్రింగ్‌లో పూల విత్తనాలు డైరెక్ట్‌గా బయట ఏ డేట్‌కి వెయ్యాలి?"

నేను తేదీ చెప్పను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ చెప్పలేదు. చెప్పనందుకు మాటలు పడ్డాను. నా ఫైల్లో ఒక హెచ్చరిక లేఖ కూడా ఉంది. దాన్ని తీసేయమని నేను ఎన్నడూ అడగలేదు. ఎందుకో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ముందుగా ఇంకో సంగతి. మనవాళ్లలో దీన్ని పనిగా లెక్కవేసేవాళ్లు తక్కువ. కొత్తలో ఇంటికో వంటకం తెచ్చి కలిసి తినే పాట్‌లక్‌లకి వెళ్తే, పార్కులో పని అనగానే జాలిగా చూసేవారు. "ఇంత చదువుకుని మట్టి పని ఏమిటమ్మా, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు ఏదైనా చెయ్యకపోయావా?" అని ఒక పెద్దావిడ పప్పు వడ్డిస్తూ అడిగింది. "నేను చదివిందే మట్టి గురించండీ" అన్నాను. మీకూ ఇలాంటి మాటలు ఎదురవుతాయి. సంజాయిషీ ఇచ్చుకోకండి.

రోజ్‌మేరీ

నేను చేరినప్పుడు మడుల పని చూసేది రోజ్‌మేరీ. అరవైకి దగ్గరపడిన మనిషి, రైతు కుటుంబంలో పుట్టింది, గట్టిగా మాట్లాడుతుంది, పొగడడం చేతకాదు. నా మొదటి ఏప్రిల్‌లో ఒక వారం ఎండ విరగకాసింది. జనం నిక్కర్లు వేసుకుని రోడ్ల మీద తిరుగుతున్నారు. నేను జినియా గింజల సంచి పట్టుకుని మడి దగ్గరికి బయలుదేరాను. మా వైపు బంతి గింజ ఏ నెలలో వేసినా నాలుగైదు రోజుల్లో తల ఎత్తుతుంది. ఆ ధీమాతో ఉన్నాను.

"ఎక్కడికి?" అంది రోజ్‌మేరీ.

"వేడిగా ఉంది కదా, చల్లేద్దామని."

ఆమె నన్ను మడి దగ్గర మోకాళ్ల మీద కూర్చోబెట్టింది. "గ్లవ్ తీసి చెయ్యి లోపల పెట్టు. అరవై దాకా లెక్కపెట్టు."

మణికట్టు దాకా మట్టిలో పెట్టాను. ఇరవై దగ్గర చల్లగా అనిపించింది. నలభై దగ్గర వేళ్లు లాగడం మొదలైంది. యాభైకి చెయ్యి బయటికి తీసేశాను.

"వేడిగా ఉన్నది గాలి" అంది ఆమె. "గింజ గాలిలో పడుకోదు."

నాలుగేళ్ల డిగ్రీలో నాకు ఎవరూ ఇంత సూటిగా పాఠం చెప్పలేదు. ఆ సాయంత్రం ఆమె షెడ్డులో బల్ల మీద రెండు అట్టపెట్టెలు పెట్టింది. ఒక దాంట్లో పాపీ, లార్క్‌స్పర్, బ్యాచిలర్ బటన్స్ అనే నీలం పువ్వు. ఇవి చలిని ఓర్చుకుంటాయి. కొన్నింటికి చలి తగలందే నిద్ర వదలదు. గడ్డకట్టిన నేల వదులవగానే, కొంచెం మంచు మిగిలి ఉన్నా సరే, మార్చి ఆఖర్లోనో ఏప్రిల్ మొదట్లోనో చల్లేయాలి. ఎండలు ముదిరాక వేస్తే మొండికేస్తాయి. రెండో పెట్టెలో జినియా, బంతి, కాస్మోస్, పొద్దుతిరుగుడు. ఇవి మనలాంటివి, వెచ్చటి దేశాల నుంచి వచ్చాయి. వీటికి రెండు కావాలి. ఆకుల మీద గడ్డకట్టే తెల్లటి మంచు, ఇక్కడ ఫ్రాస్ట్ అంటారు, అది ఇక రాదని నమ్మకం కుదరాలి. పొద్దున్నే చూసినా మట్టి ఫారెన్‌హీట్ లెక్కలో అరవై డిగ్రీలు దాటి ఉండాలి, అదీ వరసగా నాలుగైదు రోజులు. మా వైపు అది మే ఆఖరు. ఒక్కో ఏడు జూన్ మొదలు.

చాలామంది ఈ రెండు పెట్టెల్నీ కలిపేసి, ఒక శనివారం సెలవు చూసుకుని అన్నీ ఒకేసారి చల్లేస్తారు. సగం గింజలకి ఆలస్యమవుతుంది, సగానికి తొందరవుతుంది. తర్వాత విత్తనాలు మంచివి కావంటారు.

సీసా

రోజ్‌మేరీ దగ్గర ఒక పెద్ద గాజు సీసా ఉండేది. అందులో ముదురు ఇటుకరంగు జినియా గింజలు. వాళ్లమ్మ తోటలోవి. ప్రతి శరదృతువులో అన్నిటికంటే మంచి పూలు ఎంచి, తలలు ఎండబెట్టి, గింజలు తీసి సీసా నింపేది. కొట్లో ఆ రంగు దొరికేది కాదు. నేను వెతికాను.

నేను చేరిన తొమ్మిదో ఏట ఆమెకు ఊపిరితిత్తుల జబ్బు వచ్చి పని మానేసింది. వెళ్తూ వెళ్తూ సీసా నా చేతిలో పెట్టి, "ఇక ఇవి నీ పని" అంది.

అదే శీతాకాలం కొత్త డైరెక్టర్ వచ్చాడు. చెడ్డవాడని అనను. క్యాలెండర్ మనిషి. మే నెల మొదటి శనివారం ఊరి జనమంతా వచ్చి పూలవిత్తనాలు చల్లే పండగ పెట్టాడు. పోస్టర్లు వేయించాడు, బడులకు ఉత్తరాలు పంపాడు. గురువారం నా దగ్గరికి వచ్చి, "అంతా రెడీయేనా?" అన్నాడు.

ఆ పొద్దున్నే నేను మడిలో చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది. మట్టి పిడికిట్లో పిసికితే పిండిముద్దలా అతుక్కుంది. అంటే తడి కూడా ఎక్కువే. నాకు తెలుసు. పూర్తిగా తెలుసు.

"రెడీ సర్" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. మా ఇంట్లోగానీ కాలేజీలోగానీ పెద్దవాళ్లు రెడీయేనా అంటే ఇంకో జవాబు ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. పైగా కొత్త బాసు, నా యాస, నేను గొంతెత్తితే ఏమనుకుంటాడోనని. సాకులు ఎన్నయినా చెప్పగలను. అవన్నీ సాకులే.

శనివారం పిల్లలు, తల్లులు, తాతలు, అందరూ వచ్చారు. సరదాగా గడిచింది. సీసా ఖాళీ అయింది. ఆదివారం నుంచి తొమ్మిది రోజులు సన్నటి చలివాన. మూడు వారాల తర్వాత గోరుతో మట్టి తవ్వి చూశాను. గింజలు మెత్తబడి, వేళ్ల మధ్య తడికాగితంలా నలిగిపోయాయి. అంత మడికీ రెండే రెండు మొలకలు వచ్చాయి. వాటిని నత్తలు తిన్నాయి.

డైరెక్టర్ నర్సరీ నుంచి ట్రేలకొద్దీ నారు తెప్పించి మడి నింపేశాడు. ఊళ్లో ఎవరికీ తేడా తెలియలేదు. అందరూ మెచ్చుకున్నారు కూడా.

నేను రోజ్‌మేరీ ఉంటున్న కేర్ హోమ్‌కి వెళ్లి జరిగింది చెప్పాను. మధ్యాహ్నం, ముక్కుకి ఆక్సిజన్ గొట్టంతో కిటికీ పక్కన కూర్చుని ఉంది.

"అన్నీ వేశావా?" అంది.

"అన్నీ."

"ఒక్క పిడికెడు కూడా ఉంచుకోలేదా?"

"లేదు."

నేను ఏడుస్తున్నాను. ఆమె ఏడవలేదు, ఓదార్చలేదు. చివరికి, "వాడు అడిగినప్పుడు నువ్వు ఏమనాలి?" అంది.

"నో అనాలి."

"అను."

"నో."

"నాకే వినపడలేదు. మళ్లీ అను."

మూడుసార్లు అనిపించింది. మూడోసారికి తలుపు దగ్గర నుంచి నర్సు తొంగిచూసి, "అంతా బాగానే ఉందా?" అని అడిగింది. "ఈమె ఇంగ్లీషు నేర్చుకుంటోంది" అంది రోజ్‌మేరీ.

ఆ డిసెంబరులో ఆమె పోయింది. ఆ జినియాలు ఇప్పుడు ఎక్కడా లేవు. ఆ తప్పు డైరెక్టర్‌ది కాదు, వానది కాదు. తెలియనివాడు పొరపాటు చేస్తే తప్పు సగమే. తెలిసి తల ఊపినవాడిదే అసలు తప్పు. దానికి నేను ఎవరినీ అడ్డం పెట్టుకోను.

ఖాళీ మడి

మరుసటి మార్చి ఆఖర్లో ఒక పొద్దున పల్చటి మంచు మీద పాపీ గింజలు చల్లుతున్నాను. ఆవగింజ కంటే చిన్నవి, ఇసుకలో కలిపి చల్లితేగాని సమంగా పడవు. పైన మట్టి కప్పకూడదు, వెలుతురు కావాలి. మంచు కరిగేకొద్దీ అవే మట్టిలోకి దిగుతాయి. డైరెక్టర్ కారు ఆపి అద్దం దించాడు.

"మంచులో విత్తనాలా? ఎవరైనా చూస్తే నవ్వుతారు."

"నవ్వనివ్వండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఏప్రిల్‌లో మళ్లీ పండగ పోస్టర్లు వచ్చాయి. మళ్లీ మే మొదటి శనివారమే. ఈసారి అతను అడిగేదాకా ఆగలేదు. నేనే ఆఫీసుకి వెళ్లాను.

"ఆ రోజు జినియా, బంతి వెయ్యను."

"వెయ్యను అంటే?"

"నో అంటున్నాను. చల్లటి మట్టిలో కుళ్లిపోతాయి. పోయినేడు కుళ్లిపోయాయి. పిల్లల్ని రమ్మనండి, చిన్న కుండీల్లో వేయిద్దాం. ఇంటికి తీసుకెళ్లి కిటికీలో పెట్టుకుంటారు. మడిలో మాత్రం వెయ్యను."

"జనం మడి చూడటానికి వస్తారు."

"మీరు నాతో మడి దాకా వస్తారా?"

వచ్చాడు, పాపం, పాలిష్ బూట్లతో. మట్టి థర్మామీటరు రెండంగుళాలు దింపి అతని ముందే చదివాను. నలభై ఆరు. అతను దాన్ని చూసి, నన్ను చూసి, "ఇది నీ సొంత నిర్ణయమని రాసి సంతకం పెట్టు" అన్నాడు. పెట్టాను. వారం తిరక్కుండా హెచ్చరిక లేఖ వచ్చింది. అధికారుల సూచనలు పాటించలేదని అందులో ఉంది. నిజమే, పాటించలేదు.

మా ఆయన మెత్తటి మనిషి. "ఎందుకొచ్చిన గొడవ? నాలుగు గింజలు చల్లేస్తే పోయేదిగా" అన్నాడు.

"పోతాయనే కదా నా బాధ" అన్నాను. ఆయన మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఆ నాలుగు వారాలు నరకం. పండగరోజు పిల్లలు కుండీలతో సంతోషంగానే వెళ్లారు. పెద్దవాళ్లు మాత్రం సగం ఖాళీగా ఉన్న మడి చూసి పెదవి విరిచారు. ఒకావిడ ఆఫీసుకి ఫోన్ చేసి, ఆ పనిమనిషి బద్ధకస్తురాలు అని చెప్పింది. ఆ మాట నాదాకా తెచ్చిపెట్టారు. మే మధ్యలో ఒక పొద్దున ఫ్రాస్ట్ పడింది. మడి ఉన్న వీధిలో ముందే నాటుకున్న వాళ్ల మొక్కలన్నీ ఉడకబెట్టిన పాలకూరలా నల్లబడి వాలిపోయాయి. నేను కారాపి చూశాను. సంతోషించాననే చెప్పాలి. అది గొప్ప గుణం కాదు.

మే ఆఖరి వారంలో మట్టి అరవై రెండు చూపింది. ఆ తర్వాత వరసగా నాలుగు రోజులూ అంతే. పిసికి చూస్తే ముద్ద పొడిపొడిగా విడిపోయింది. ఆ పొద్దున జినియా, బంతి చల్లాను. కొట్లో కొన్న మామూలు గింజలే. అయిదో రోజుకి మడంతా పచ్చటి గీతలు. జులై మొదట్లో ఊరి ఉత్సవానికి మంచులో చల్లిన పాపీలూ నీలం పూలూ విరగబూసి ఉన్నాయి. అవి వాడే వేళకి జినియాలు అందుకున్నాయి. అక్టోబరులో చలి వచ్చి కొట్టేదాకా పూశాయి. డైరెక్టర్ ఆ మడి ముందు నిలబడి ఫొటో దిగాడు. నాతో మాత్రం ఒక్క మాటా అనలేదు. నేను ఎదురుచూడనూ లేదు.

నా పంతం

ఇక్కడితో ఆపేస్తే నేనేదో వీరనారినని అనుకుంటారు. ఆ తర్వాతి ఏడు ఏం జరిగిందో కూడా చెప్తాను.

ఆ వసంతం తొందరగా వచ్చింది. మే ఇరవైకే మట్టి వెచ్చబడింది, ఫ్రాస్ట్ జాడ లేదు. ఆ వారమే డైరెక్టర్, "ఇప్పుడు వెయ్యొచ్చేమో కదా?" అన్నాడు, మర్యాదగానే. అతను అన్నాడు కాబట్టి నేను వెయ్యలేదు. "ఇంకా చూడాలి" అన్నాను. చూడటానికి ఏమీ లేదు. జూన్ మధ్యదాకా ఆగాను. అప్పటికి వడగాలులు మొదలయ్యాయి. పైమట్టి పొద్దున తడిపితే మధ్యాహ్నానికి పెంకులా ఎండిపోయేది. గింజలు పగిలి, మొలక బయటపడే లోపే మాడిపోయాయి. బస్‌స్టాప్ పక్కన అలా ఆలస్యంగా చల్లిన మడి ఆ వేసవంతా బోడిగా ఉంది. ఆ ఏడు లేఖ రావాల్సింది, రాలేదు.

నో అనడం నేర్చుకున్నాక దాని రుచి తెలుస్తుంది. ఆ రుచికి అలవాటు పడకండి. ఎదురు తిరగాల్సింది మట్టి తరఫున. నేను ఆ ఏడు నా తరఫున తిరిగాను.

అరువు తేదీలు

మనవాళ్లతో ఇంకో చిక్కుంది. టెక్సాస్‌లో, ఇర్వింగ్‌లో ఉన్న చెల్లెలు మార్చిలో బంతి వేసి, ఫొటో తీసి గ్రూపులో పెడుతుంది. ఇక్కడ అక్క ఆ ఫొటో చూసి గింజలు పట్టుకుని బయటికి పరిగెడుతుంది. టెక్సాస్ మార్చికీ మన మార్చికీ ఏం సంబంధం? పడమటి తీరాన ఫ్రీమాంట్‌లో ఉన్నవాళ్లయితే పాపీ గింజలు శరదృతువులోనే చల్లుకుంటారు, అక్కడ శీతాకాలమే వానాకాలం. అది వాళ్ల నేల. విత్తనాల ప్యాకెట్ వెనక రంగుల మ్యాపు కూడా అంతే. దాన్ని గీసినవాళ్లు మీ పెరడు చూడలేదు. దక్షిణపు గోడ పక్క మట్టి, అదే ఇంటి ఉత్తరం వైపు మట్టి కంటే వారం ముందు వెచ్చబడుతుంది. ఒక్క ఇంటికే రెండు తేదీలు ఉంటే దేశానికి ఒకటెలా ఉంటుంది?

రాత్రి ఉష్ణోగ్రత యాభై కంటే దిగకుండా ఉందా చూడండి. థర్మామీటరు మధ్యాహ్నం కాదు, పొద్దున ఎనిమిదింటికి పెట్టండి. మధ్యాహ్నం మట్టి అబద్ధం చెబుతుంది. ఎప్పుడూ మొత్తం గింజలు ఒకేరోజు వెయ్యకండి.

కీర్తన

నేను రిటైరయ్యాక పరిచయమైన అమ్మాయి కీర్తన. వరంగల్ వైపు పిల్ల. ఇక్కడ హార్టికల్చర్‌లో ఎమ్మెస్ చేసి, చదువయ్యాక కొన్నాళ్లు పనిచేయనిచ్చే ఓపీటీ అనుమతి మీద, తోటలు వేసే ఒక లాండ్‌స్కేప్ కంపెనీలో చేరింది. పోయిన ఏప్రిల్ ఆఖర్లో మా ఇంటికి వచ్చింది. ముఖం వాడిపోయి ఉంది.

"ఆంటీ, మా మేనేజర్ అపార్ట్‌మెంట్స్ ముందు జినియా ఈ వీక్‌లోనే ఫినిష్ చెయ్యమంటుండు. సాయిల్ ఫార్టీ ఎయిట్ ఉంది. ఏం చెయ్యాలె?"

"వెయ్యనని చెప్పు" అన్నాను వెంటనే.

ఆమె నా వైపు చూసింది. "మీకేం ఆంటీ, మీకు గ్రీన్‌కార్డ్ ఉండె, అంకుల్ జాబ్ ఉండె. నా జాబ్ పోతే నాకు దినాలు లెక్క. ఇంకో జాబ్ దొరకకుంటే ఇంటికి పోవుడే."

ఇన్నేళ్లూ నా ధైర్యం గురించి నేనే చెప్పుకుంటూ తిరిగాను. ఆ ధైర్యం కింద ఏం పరిచి ఉందో ఒక్కసారీ చూసుకోలేదు. ఈ పిల్ల కిందంతా గొయ్యే. నేను చెప్పిన సలహా నాకు సుఖంగా ఉన్న సలహా.

"అయితే మెయిల్ రాద్దాం" అన్నాను.

వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాం. నేను పెద్ద ఉత్తరం చెప్పాను. మట్టి, శాస్త్రం, బాధ్యత, అన్నీ పెట్టి. ఆమె మొత్తం టైప్ చేసి, చదివి, డిలీట్ చేసింది. తన సొంతంగా నాలుగు లైన్లు రాసింది. ఈ పొద్దున మట్టి నలభై ఎనిమిది ఉంది, ఈ గింజలకి అరవై కావాలి. మీరు చెప్పినట్టు సగం మడి ఈ వారం వేస్తాను. మిగతా సగం మట్టి వెచ్చబడ్డాక వేస్తాను. రెండూ మీరే చూడండి.

"ఇది పంపనా ఆంటీ?"

"పంపు."

అయిదు నిమిషాల్లో జవాబు వచ్చింది. ఓకే అని ఒక్క మాట. నేను మూడేళ్లు పోట్లాడి, లేఖ తెచ్చుకుని, ఒక సీసాడు గింజలు పోగొట్టుకుని నేర్చుకున్నది ఆమె నాలుగు లైన్లలో చేసేసింది. నాకు కొంచెం అసూయ వేసింది. అబద్ధం ఎందుకు.

ముందు వేసిన సగం పూర్తిగా పోలేదు. అక్కడక్కడ మొలిచింది, పళ్లూడిన దువ్వెనలా. జూన్ మొదట్లో వేసిన సగం వారానికే ఒత్తుగా లేచింది. ఆగస్టులో నేను వెళ్లి చూశాను. మడి మధ్యలో గీత గీసినట్టు, ఒకవైపు చిల్లులు చిల్లులుగా, ఇంకోవైపు నడుమెత్తు పూలు. కీర్తన గొట్టంతో నీళ్లు పెడుతోంది. మేనేజర్ కూడా అక్కడే ఉన్నాడు. లావుపాటి మనిషి, టోపీ చేత్తో పట్టుకుని మడికి ఈ కొస నుంచి ఆ కొస దాకా రెండుసార్లు నడిచాడు. తర్వాత ఫోన్ తీసి క్యాలెండర్ తెరిచాడు.

"సరే, వచ్చే ఏడు ఏ తేదీ పెట్టుకోమంటావు?"

కీర్తన నీళ్లు ఆపలేదు. "తేదీ పెట్టుకోవద్దు. ఆ రోజు వచ్చినప్పుడు నేను మీకు ఫోన్ చేస్తాను."